సిరొంచలో ఓస్ట్రమ్ పాఠం వినిపించిన అందరికీ

అందరికీ నమస్తే. ఎలినోర్ ఓస్ట్రమ్ ఉపన్యాసాన్ని మన సిరొంచలో (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) కూర్చుని తెలుగులో అర్థం చేసుకుంటూ విన్నామంటే దాని వెనక చాలామంది చెయ్యి ఉంది. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఎవరి గురించో వాళ్లకే తెలుస్తుంది.

ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమె. కాలువ నీళ్లలాంటి ఉమ్మడి వనరులను జనం తమకు తామే ఎలా నడుపుకుంటారన్నది ఆమె చెప్పిన విషయం. 2009 డిసెంబర్ 8న స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఆ ఉపన్యాసం నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. కానీ మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. ఆమెదేమో అమెరికా ఇంగ్లీషు.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మన ఊరి చెల్లె, థీసిస్ టెన్షన్‌లో ఉండి కూడా, మొత్తం విని తెలుగులో నోట్సు రాసి పంపింది. మొదటి దండం తనకే. ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపి ఊరుకోలేదు. వీడియో ఏ నిమిషం దగ్గర ఆపాలో, ఆపి ఏం అడగాలో కూడా రాసింది.

నేపాల్ కాలువల దగ్గర ఆపమంది. అక్కడ సర్కారు ఇంజినీర్లు సిమెంటుతో కట్టించిన కాలువల కన్నా, రైతులే రాళ్లూ మట్టీ పోసి కట్టుకుని, వంతులు పెట్టుకుని నడిపే కాలువల్లో చివరి మడికి నీళ్లు బాగా అందుతున్నాయని ఓస్ట్రమ్ బృందం గమనించింది. ఆపగానే వెనక వరుసలోంచి, ఒకప్పుడు చెరువు మీద నీరటి పని (తూము తీసి మళ్లకు నీళ్లు పంచే పని) చేసిన తాత లేచాడు.

"మరి రాత్రిపూట తూము తీసినోణ్ని ఏం చేస్తరు?"

మొదటిసారి చిన్న శిక్ష, మళ్లీ మళ్లీ చేస్తే పెద్ద శిక్ష అని ఆమె చెప్పిన సూత్రం చదివి వినిపించాను. "మేమూ గంతే. ముందు మాట, తర్వాత వంతు కోత" అని కూర్చున్నాడు. ఉమ్మడి వనరులను చాలాకాలం నిలబెట్టుకున్న ఊళ్లలో ఆమె చూసిన ఎనిమిది సూత్రాల్లో అదొకటి. మిగతా ఏడూ పిల్లలు ఆయన్నే అడిగారు, నన్ను కాదు!

తునికాకు (బీడీ ఆకు) కల్లంలో లెక్కలు రాసే అన్నకు ఇంకో దండం. అదే 2009లో మన జిల్లాలోనే, ధానోరా తాలూకా మెండా-లేఖా గ్రామసభకు అటవీ హక్కుల చట్టం కింద దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చిందనీ, 2011లో వెదురు రవాణా పాసులిచ్చే అధికారం కూడా గ్రామసభ చేతికే వచ్చిందనీ ఆయనే చెప్పాడు. అంతటితో ఆగితే ఆయనెందుకవుతాడు? "హక్కు సరే, కొనే కాంట్రాక్టర్లంతా కూడబలుక్కుని ధర తగ్గిస్తే గ్రామసభ ఏం చేస్తది?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి చర్చంతా దాని మీదే నడిచింది, నాకైతే ఉపన్యాసం కన్నా అదే నచ్చింది.

హాలు తాళం చేతికిచ్చిన గుడి కమిటీ పెద్దలకు, సౌండ్ బాక్సులకు కిరాయి తీసుకోని టెంట్‌హౌస్ తమ్ముడికి కృతజ్ఞతలు. కరెంటు పోయినప్పుడు తన ఇన్వర్టర్ నుంచి వైరు లాగి ఇచ్చిన పక్కింటి వదినకు మరీ మరీ. ఆ రోజు ఆమె సీరియల్ పోయింది.

నోట్సు జిరాక్సులు కాలేజీ పక్క స్టేషనరీ షాపులో పెట్టాం, తీసుకోండి. తర్వాత ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో 2019 నోబెల్ ఉపన్యాసం పెడదామనుకుంటున్నాం. పిల్లలకు టీకా వేయిస్తే కిలో పప్పు ఇచ్చి చూసిన ఉదయ్‌పూర్ పల్లెల ప్రయోగం ఆమె బృందానిదే, అందుకని అంగన్‌వాడీ అక్కలు తప్పక రావాలి. తెలుగు నోట్సు రాయడానికి ఇంకొకరు ముందుకొస్తే చెల్లె కాస్త థీసిస్ రాసుకుంటుంది.