అరోమా మసాజ్‌కి వెళ్లినా ఇన్‌హేలర్ వదలొద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో అరోమాథెరపీ మసాజ్, అంటే సుగంధ తైలాలతో చేసే మర్దన మీద వచ్చిన వ్యాసం చదివాను. నేను చేసే పని అదే కాబట్టి సంతోషంగానే మొదలుపెట్టాను. ‘శ్వాసనాళాలను తెరిచి ఉబ్బసాన్ని తగ్గిస్తుంది’ అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. అలాంటి మాట నమ్మి నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మసాజ్‌తో ఊపిరి మారడం నేను రోజూ చూస్తాను. టెన్షన్‌లో ఉన్న మనిషి టేబుల్ మీద బోర్లా పడుకున్నప్పుడు ఊపిరి పైపైన, భుజాల్లోనే ఆడుతుంటుంది. మెడ పక్క కండరాలు తాళ్లలా బిగిసి ఉంటాయి. పై వీపుకు అరచేతులు ఆనించి నెమ్మదిగా కిందికి జారుస్తూ పోతే, కాసేపటికి ఆ కదలిక పక్కటెముకల్లోకి దిగుతుంది. ఆ తర్వాత నడుము కూడా లేచి పడుతుంది. వదిలే ఊపిరి నిడివి పెరుగుతుంది. చాలామంది ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తారు, అది వినబడ్డాక గాని నేను చెయ్యి వేరే చోటికి మార్చను.

ఇందులో వాసనకూ వాటా ఉంది. ముక్కు నుంచి వెళ్లే కబురు మెదడులో భావాలు, జ్ఞాపకాలు చూసుకునే భాగాలకు దగ్గరి దారిలో చేరుతుంది. అయితే ఒకరికి హాయినిచ్చే లావెండర్ ఇంకొకరికి చిరాకు తెప్పించవచ్చు. అందుకే ముందు మూత తీసి వాసన చూపిస్తాను. నోటితో ‘బాగుంది’ అన్నా తల వెనక్కి లాక్కుంటే ఆ సీసా పక్కన పెట్టేస్తాను.

ఇక ‘తెరుచుకోవడం’ సంగతి. పిప్పర్‌మెంట్‌లోని మెంథాల్ ముక్కులో చల్లదనాన్ని గుర్తించే నాడులను తడుతుంది. దాంతో గాలి ధారాళంగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది గాని, కొలిచి చూస్తే ముక్కు దిబ్బడ అలాగే ఉంటుంది. జలుబు చేసినవాళ్లకు ఆ అనిపించడమే పెద్ద సుఖం, కాదనను. ఉబ్బసం వేరు. ఊపిరితిత్తుల లోపలి గొట్టాలు వాచి బిగుసుకుపోతే, వీపుకు రాసిన నూనె వాటిని విప్పదు. పైగా కొందరికి ఆయాసం మొదలయ్యేదే ఘాటు వాసనలతో.

నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ ఒకరోజు ఛాతీ నిండా నీలగిరి తైలం పట్టించుకుని వచ్చారు. మాట్లాడుతుంటేనే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ‘ఇన్‌హేలర్ ఏదమ్మా?’ అంటే, ‘నీ దగ్గరికే వస్తున్నా కదా, ఇంకెందుకని ఇంట్లో పెట్టొచ్చా’ అన్నారు. ఆ రోజు నేను ఏ సీసా మూతా తీయలేదు. ఆవిణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, కిటికీలు తెరిచి, వాళ్లబ్బాయికి ఫోన్ చేసి ఇన్‌హేలర్ తెప్పించాను. నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాను. మసాజ్ ఆ తర్వాతెప్పుడో, వాసన లేని నూనెతో చేశాను. నూనెతో ఉబ్బసం పోతుందని ఎవరు చెప్పారని అడిగితే ‘పేపర్లో వేశారు’ అన్నారు. ఏ పేపరో నేను అడగలేదు లెండి.

పరిశోధనల మాటకొస్తే, క్యాన్సర్ రోగులకు చేసే మసాజ్, అరోమాథెరపీల మీద, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2016లో 19 అధ్యయనాలను కలిపి సమీక్షించింది. నొప్పి, ఆందోళన తగ్గుతాయని గట్టిగా చెప్పగల ఆధారం దొరకలేదని తేల్చింది. నా పని మీద నాకున్న ఇష్టం దానివల్ల తగ్గలేదు. ఒళ్లు తేలికపడి మనిషి కాసేపు కుదుటపడటం చిన్న విషయం కాదు. దాన్ని వైద్యం అని చెప్పి అమ్మకపోతే చాలు.

మీ వ్యాసంలో నూనెల కొలత కూడా లేదు. సుగంధ తైలాన్ని నేరుగా ఒంటికి రాయకూడదు. పెద్దవాళ్లకు 30 మిల్లీలీటర్ల బాదం నూనెలో సుమారు 12 చుక్కలు కలిపితే 2 శాతం అవుతుంది, వృద్ధులకు అందులో సగం సరిపోతుంది. పసిపిల్లల ముక్కు దగ్గర మెంథాల్, కర్పూరం అసలు పెట్టకూడదు. ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

దయచేసి ఆ వ్యాసానికి సవరణ వేయండి. అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లు మసాజ్‌కి వెళ్తే ఆ సంగతి ముందే చెప్పాలని, ఇన్‌హేలర్ చేతికందేలా పెట్టుకోవాలని అందులో ఒక వాక్యం చేర్చండి.

ఇట్లు,
ఒక మసాజ్ థెరపిస్ట్