కొలిమి చూపిస్తామని కొట్టుకు తీసుకెళ్లారు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: జపాన్ టూర్‌లో "ఖడ్గ శిల్పి కొలిమి దర్శనం" పేరుతో వసూలు చేసిన అదనపు రుసుము, అక్కడ మా బావమరిదికి అంటగట్టిన కత్తి గురించి.

అయ్యా,

నా మొదటి ఫిర్యాదుకు మీ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. "కత్తి తయారీ అంటే ఎక్కడైనా కాచడం, కొట్టడం, నీళ్లలో ముంచడమే కదా సర్, అది మీకు చూపించాం" అన్నారు. రిఫండ్ మాట ఎత్తనే లేదు. రిఫండ్ సంగతి తర్వాత మాట్లాడతాను, ముందు ఈ ముక్కకి జవాబు చెప్పాలి. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో హీట్ ట్రీట్‌మెంట్ షాపు చూసుకుని రిటైరైనవాణ్ణి నేను. ఉక్కును కాచి ముంచడమే నా ఉద్యోగం. ఫుజి కొండా, బుల్లెట్ రైలూ అందరూ చూపిస్తారు. మిగతా కంపెనీలను కాదని మీ దగ్గరికి వచ్చింది ఈ ఒక్క కొలిమి కోసమే.

మీ కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "గిఫు ప్రాంతంలోని సేకి పట్టణంలో, ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఖడ్గ శిల్పి తమహగానె ఉక్కును కాచి, మడిచి, చేత్తో కత్తి తయారుచేయడం దగ్గరుండి చూడండి. మీరూ సుత్తి పట్టండి." దీనికి టూర్ ఖర్చు కాకుండా మనిషికి 18,000 రూపాయలు తీసుకున్నారు.

సేకి వెళ్లిన మాట నిజమే. అక్కడి కత్తుల మ్యూజియం బాగుంది, కాదనను. అయితే ఆ మ్యూజియంలో కొలిమి వెలిగించి కత్తి కొట్టి చూపించేది ఏడాదిలో కొన్ని రోజులే. ఆ రోజులు ముందే ప్రకటిస్తారు. మమ్మల్ని తీసుకెళ్లిన రోజు వాటిలో లేదు. తేదీలు చూసి టూర్ వేయడం మీ పని. ఒకాయామా వైపు ఒసఫునెలో ఉన్న కత్తుల మ్యూజియంలో మామూలుగా నెలకో ఆదివారం కొలిమి ప్రదర్శన ఉంటుంది. సేకి కుదరకపోతే దారి మార్చి అక్కడికైనా తీసుకెళ్లొచ్చు. అదీ చేయలేదు.

మ్యూజియం నుంచి బస్సు ఊరి బయట ఒక రేకుల షెడ్డు దగ్గర ఆగింది. లోపల గ్యాస్ బర్నర్, దాగలి, ఏప్రాన్ కట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఒక ఉక్కు పట్టీని ఎర్రగా కాచి నాలుగు దెబ్బలు వేసి బకెట్‌లో ముంచారు. తర్వాత మా చేతికి జానెడు మేకులు ఇచ్చి, కాచి చదును చేయించారు. మేకును చిన్న కత్తిగా మార్చే ఆ సరదా జపాన్‌లో చాలాచోట్ల ఉంది, నిజాయితీగా నడిపేవాళ్లూ ఉన్నారు. ఆ పెద్దాయన కూడా ఎంతో మర్యాదగా, ఓపిగ్గా నేర్పారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. మీరు "మేకుతో బుల్లి కత్తి చేసుకోండి" అని రాసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. పది నిమిషాల్లో అది ముగిసింది. షెడ్డు వెనక తలుపు తీస్తే షాపు. అందులో మాత్రం రెండు గంటలు ఉంచారు.

ఇక "కాచడం, కొట్టడం, ముంచడం" దగ్గరికి వద్దాం.

మీరు కరపత్రంలో వాడిన తమహగానె బజారులో దొరికే పట్టీ కాదు. షిమానె ప్రాంతంలోని ఒకుఇజుమోలో ఇనుప ఇసుకనూ కట్టెబొగ్గునూ మట్టి కొలిమిలో విడతలు విడతలుగా పోస్తూ మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆపకుండా మండిస్తారు. దాన్ని తతర అంటారు. ఒక విడత కాల్పుకు దాదాపు 10 టన్నుల ఇసుక, 12 టన్నుల బొగ్గు పడతాయి. చివరికి కొలిమి గోడలు పగలగొట్టి రెండున్నర టన్నుల ముద్ద బయటికి లాగుతారు. అందులోనూ కత్తికి పనికొచ్చే మేలిరకం కొంతే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆగిపోయిన ఈ పనిని 1977లో జపాన్ కళా ఖడ్గాల పరిరక్షణ సంఘం మళ్లీ మొదలుపెట్టింది. చలికాలంలోనే కాలుస్తారు, ఆ ఉక్కును దేశంలోని ఖడ్గ శిల్పులకు పంచుతారు. షెడ్డులో మాకు చూపించిన పట్టీకి ఒక చివర ఫ్యాక్టరీ రంగు ఇంకా అంటుకునే ఉంది. నా ఫోన్‌లో ఫొటో ఉంది, జతచేస్తున్నాను.

అలా పంచిన తమహగానె ముద్దల్ని శిల్పి ముందు పలచగా సాగగొట్టి, నీళ్లలో చల్లార్చి, సుత్తితో ముక్కలు చేస్తాడు. విరిగిన చోట గింజ చూసి ఏది గట్టిదో, ఏది మెత్తదో ఏరతాడు. ఏరిన ముక్కల్ని పొడవాటి కాడ ఉన్న ఉక్కు పలక మీద పేర్చి, తడిపిన జపాన్ కాగితం చుట్టి, గడ్డి బూడిదలో పొర్లించి, పైన అట్లపిండిలా జారే బంకమట్టి పోసి అప్పుడు నిప్పులో పెడతాడు. ఎందుకంటే 1,300 డిగ్రీల దాకా పోవాలి, ఉక్కు మాత్రం కాలిపోకూడదు. నిప్పు కూడా పైన్ చెట్ల బొగ్గుదే, దాన్ని సమానమైన ముక్కలుగా కొట్టుకోవాలి. శిష్యులకు మొదట అప్పజెప్పేది బొగ్గు కొట్టే పనే. దానికే మూడేళ్లు అని వాళ్లలో ఒక నానుడి. గ్యాస్ బర్నర్ ముందు నిలబెట్టి "ఇదే అది" అంటే నాబోటివాడు ఎలా ఒప్పుకుంటాడు? యంత్రపు సుత్తి వాడితే నేనేమీ అనను. చాలామంది శిల్పులు ఇప్పుడు వాడుతున్నారు, సమ్మెట వేసే శిష్యులు దొరకాలి కదా. ఉక్కు, నిప్పు మాత్రం మారకూడదు.

మడతల గురించి కూడా చెప్పాలి. బస్సులో మీ గైడ్ "ఈ కత్తిని వెయ్యిసార్లు మడుస్తారు" అన్నాడు. మామూలుగా పది నుంచి పదిహేనుసార్లు మడుస్తారు. మడిచిన ప్రతిసారీ పొరలు రెట్టింపవుతాయి కాబట్టి పదిహేను మడతలకే 32,768 పొరలు. అదే చాలు. కాచిన ప్రతిసారీ కొంత ఉక్కు పొలుసుగా రాలిపోతుంది, కొంత కార్బన్ కాలిపోతుంది. మొదట ఒక శాతం పైన ఉన్న కార్బన్ చివరికి 0.6, 0.7 శాతానికి దిగుతుంది. వెయ్యిసార్లు మడిస్తే ఉక్కు మిగలదు. అదే కుర్రాడు "ఈ కత్తులకు ఉక్కు మన కోనసముద్రం నుంచే వెళ్లింది" అని చప్పట్లు కొట్టించాడు. నిజామాబాద్ దగ్గరి కోనసముద్రం ఉక్కు గొప్పదే, దానికోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. కానీ అది మూసలో కరిగించిన ఉక్కు, వెళ్లింది ప్రధానంగా పడమటికి. జపాన్ వాళ్లు ప్రధానంగా తమ ఇసుకతో తామే చేసుకున్నారు. మన ఊరి పేరు చెబితే మనకు సంతోషమే, కానీ డబ్బు కట్టినవాళ్లకు అబద్ధం చెప్పకూడదు. ఆ అబ్బాయిని తప్పుపట్టను, మీరిచ్చిన కాగితంలో ఉన్నదే చదివాడు.

ఇక ముంచడం. బకెట్‌లో మునిగిన ఆ పట్టీని చూపించి "నీళ్లలో ముంచడం" అని మీరు ఎలా రాయగలిగారో నాకు అర్థం కాలేదు. జపాన్ కత్తిలో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కొట్టి ఆకారం తెచ్చిన కత్తికి బంకమట్టి, బొగ్గుపొడి, సానరాతి పొడి కలిపి పూస్తారు. వీపు వైపు మందంగా, వాదర వైపు పలచగా. ఆ పాళ్లు ఒక్కో శిల్పిది ఒక్కో రకం. తర్వాత చీకటి పడ్డాకో, కిటికీలు మూసో కొలిమి దగ్గర కూర్చుంటారు. ఉక్కు రంగు కంటికి సరిగ్గా తెలియాలంటే చీకటి కావాలి. మా షాపులో వేడి కొలిచే పైరోమీటర్ ఉండేది, అయినా పది డిగ్రీలు అటూ ఇటూ అయితే టెన్షన్ పడేవాళ్లం. ఖడ్గ శిల్పి చేతిలో మీటరూ లేదు, ఏమీ లేదు. మూరెడు పైన పొడవున్న కత్తి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే రంగుకు రావాలి. వచ్చిన క్షణంలో నీళ్లలోకి దించాలి. పలచటి మట్టి ఉన్న వాదర చటుక్కున చల్లారి గాజంత గట్టిపడుతుంది. మందం మట్టి కింద వీపు నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉంటుంది. గట్టిపడిన వాదర కాస్త ఉబ్బుతుంది. అందువల్ల మొదట ఒక్క క్షణం కిందికి వంగిన కత్తి మళ్లీ వెనక్కి తిరిగి పైకి వంపు తీసుకుంటుంది. ఆ వంపులో ఎక్కువ భాగం నీళ్లే తెస్తాయి. తేడా వస్తే టక్కుమని శబ్దం, వాదర మీద పగులు. నెలల పని పోయినట్టే. పగులుతాయని భయపడే ఉక్కు రకాలకు మేం నూనె వాడేవాళ్లం. వాళ్లు తెలిసి తెలిసి నీళ్లలోనే దించుతారు. నేను డబ్బు కట్టింది ఆ క్షణం కోసం. పోనీ మడత పెట్టి కొడుతుంటే దాగలి మీద నీళ్లు చల్లినప్పుడు టపాసులా పేలి పొలుసు ఎగిరిపోవడమైనా చూడాలనుకున్నాను. అదీ లేదు.

ఇప్పుడు కత్తి సంగతి. వెనక షాపులో మీ గైడ్ ఎదుటే "చేతితో కాచిన అసలు జపాన్ ఖడ్గం" అని సర్టిఫికెట్‌తో సహా మా బావమరిదికి 68,000 యెన్‌లకు అమ్మారు. నేను వద్దన్నాను. మీ వాళ్లు "మా పార్టనర్ షాపు, గ్యారంటీ" అన్నారు. హోటల్‌కు వచ్చాక నారాలో కొన్న జింక బొమ్మ మాగ్నెట్ తీసి కత్తికి ఆనించాను. జింక కింద పడింది. పిడి దగ్గర ఆనించాను, మొన దగ్గర ఆనించాను, ఎక్కడా నిలవలేదు. మాగ్నెట్ అంటుకోని తమహగానె ఉండదండీ. అది జింక్ లోహమూ అల్యూమినియమూ కలిపి అచ్చు పోసిన అలంకారపు కత్తి, సాన పట్టినా పదును రాదు. పిడిలోని వెదురు చీల తీసి చూశాం. అసలు కత్తికి పిడి లోపలి భాగం మీద ఆకురాయి గీతలుంటాయి, మామూలుగా శిల్పి ఉలితో చెక్కిన పేరు ఉంటుంది. దీనికి బూడిదరంగు నునుపు, అంచున అచ్చు అతుకు. మట్టి పూత వల్ల వాదర వెంట రావాల్సిన అలల గీత కూడా పైపైన తెచ్చిందే. రెండువైపులా ఒక్క అలకూ తేడా లేదు.

ఇందులో వాదించడానికి ఏమీ లేదు, అక్కడి చట్టమే చెబుతుంది. జపాన్‌లో ఖడ్గ శిల్పి కావాలంటే లైసెన్సున్న గురువు దగ్గర కనీసం ఐదేళ్లు పనిచేయాలి. ఆ తర్వాత కూడా నెలకు పెద్ద కత్తులు రెండు మించి చేయకూడదు. ప్రతి కత్తికీ ఆ ప్రాంతపు విద్యామండలి ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది. దేశం దాటించాలంటే సాంస్కృతిక శాఖ అనుమతి పత్రం వేరే. మాకు ఈ రెండూ ఇవ్వలేదు. ఇవ్వలేరు కూడా, ఎందుకంటే అది కత్తి కాదు. పైగా సానపట్టేవారు, ఒర చేసేవారు, పిడి చుట్టేవారు అందరూ వేర్వేరు పనివాళ్లు. కొత్త కత్తి అంటే సాధారణంగా పది లక్షల యెన్‌లు దాటే మాటే. 68,000కు ఎవరిస్తారు?

శంషాబాద్‌లో దిగాక కస్టమ్స్ వాళ్లు మా బావమరిదిని పక్కకు పిలిచారు. "ఏ ఇబ్బందీ ఉండదు సర్" అని మీరన్న మాట అక్కడ పనిచేయలేదు. అంచు మొద్దుగా ఉందని తేలాకే వదిలారు. బొమ్మకత్తి కాబట్టి బయటపడ్డాడు. నిజంగానే అసలుది అయ్యుంటే కాగితాలు లేకుండా అతని గతి ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

నేను అడిగేవి ఇవి. కొలిమి దర్శనానికి తీసుకున్న 18,000 రూపాయలు మా ఇద్దరికీ, మాతోపాటు కట్టిన మిగతా ప్రయాణికులందరికీ తిరిగి ఇవ్వాలి. కత్తి మీ పార్టనర్ షాపుదే కాబట్టి 68,000 యెన్‌లు మీరే రాబట్టి మా బావమరిదికి ఇవ్వాలి, కత్తిని మీ ఆఫీసుకు తెచ్చి అప్పజెబుతాం. కరపత్రంలో ఆ వాక్యం తీసేయాలి, లేదా ప్రదర్శన ఉన్న తేదీలకే టూర్ వేసి నిజం చేయాలి. రెండోది చేస్తే నేనే మళ్లీ డబ్బు కట్టి వస్తాను. గైడ్ చదివే కాగితంలో వెయ్యి మడతలు, కోనసముద్రం ముక్కలు కొట్టేయండి.

కరపత్రం, రెండు రసీదులు, సర్టిఫికెట్, పట్టీ మీది రంగు ఫొటో, మాగ్నెట్ జారిపోతున్న వీడియో జతచేశాను. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో డబ్బు ఖాతాలో పడకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. జవాబు మాత్రం ఫోన్‌లో వద్దు, కాగితం మీద ఇవ్వండి.

ఇట్లు,
మీ జపాన్ టూర్ ప్రయాణికుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్