గుడిని కుడి చేసిన బిట్టు

కాకినాడ,
మే నెల చివరి వారం.

ప్రియమైన శేఖరానికి,

నీ రెండు ఉత్తరాలకూ కలిపి ఈ ఒక్క జవాబు రాస్తున్నందుకు మన్నించాలి. ఇంట్లో అందరూ క్షేమమే. అమ్మ మోకాలినొప్పి కొంత నెమ్మదించింది, ఆవకాయ జాడీలకు ఎక్కింది, నీ వాటా విడిగా ఉంచాము, పచ్చగొడుగు గారు పదవీ విరమణ చేశారు (ఈ ఒక్క వార్తకే నీవు అరగంట నవ్వుతావని తెలుసు, కానీ ఆ కథ తరువాత). ఇక కుశలప్రశ్నలు చాలు. నీకు చెప్పకుండా ఉండలేకపోతున్న సంగతి ఒకటుంది. మా పాత కంప్యూటరులో ఒకే ఒక్క బిట్టు (ఒకటినో సున్నానో దాచే అతి చిన్న గడి) చచ్చిపోవడం వల్ల నాన్నగారికీ బాబాయికీ మాటలు ఆగిపోయాయి.

నాన్నగారు వంశచరిత్ర రాస్తున్నారని నీకు తెలుసు కదా. పైగదిలోని ఆ కోర్ టూ డ్యుయో పెట్టె మీదనే, విండోస్ 7లోని నోట్‌ప్యాడ్‌లోనే, తెలుగు పండితుడికి తగిన నిదానంతో ఒక్కొక్క అక్షరమే కొట్టుకుంటూ పూర్తి చేశారు. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అచ్చు వేయించి, బంధువులందరికీ పంచారు. అందులో ఒక వాక్యం ఉంది: "తాతగారు కట్టించిన తొలి ఇల్లు గుడిపక్క స్థలంలో ఉండేది." అచ్చులో మాత్రం అది "కుడిపక్క స్థలంలో" అని వచ్చింది. మా ఊళ్లో పంపకాలు జరిగినప్పుడు సందుకు ఎడమపక్కది నాన్నగారికీ, కుడిపక్కది బాబాయికీ వచ్చాయి. తొలి ఇల్లు కుడిపక్క స్థలంలో ఉండేదని అన్నగారు అచ్చు వేయించి మరీ ఊరంతా పంచితే, తన స్థలానికి ఎసరు పెడుతున్నారని బాబాయి అనుకోవడంలో వింత ఏముంది?

బాబాయి ఆ పుస్తకం చేత పట్టుకుని వచ్చారు. నాన్నగారు కంప్యూటరు తెరిచి చూపించారు. తెర మీద "గుడిపక్క" అనే ఉంది. "ఇప్పుడు దిద్దావు" అన్నారు బాబాయి. "నేను మొదటినుంచీ ఇలాగే కొట్టాను" అన్నారు నాన్నగారు. తాసిల్దారు కచేరీలో టైపిస్టుగా పనిచేసిన మనిషి కనుక బాబాయి అక్కడితో ఆగలేదు; ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో క, గ మీటలు రెండూ ఒకదాని కిందొకటి ఉంటాయనీ, వేలు జారిందని ఒప్పుకుంటే తానూ ఊరుకుంటాననీ అన్నారు. వాదన సబబుగానే ఉంది. కానీ నలభై ఏళ్లు పిల్లల చేత సరళాలూ పరుషాలూ వల్లె వేయించిన వ్యక్తితో "గ బదులు క కొట్టావు" అనడం ఎంతటి అపవాదో ఆలోచించు. ఇద్దరూ ఎవరి గదుల్లోకి వారు వెళ్లిపోయారు. భోజనాల దగ్గర అమ్మ ద్వారా రాయబారాలు నడిచాయి.

అచ్చుకు ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఇంకా సొరుగులోనే ఉంది. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూశాను. పరిమాణం ఒకటే. చివరిసారి మార్చిన తేదీ, సమయం కూడా ఒకటే. విండోస్‌లో ఫైలును కాపీ చేసినప్పుడు ఆ తేదీ మారదు, కానీ ఒక్క అక్షరం దిద్ది భద్రపరచినా మారిపోతుంది. అంటే కాపీ చేసిన తరువాత ఈ రెండింటిలో దేనినీ ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు ఆదేశాలు కొట్టే నల్లతెర తెరిచి, ఎఫ్‌సీ అనే పాత ఆదేశానికి /బి తగిలించి రెండింటినీ బైట్ బైట్‌కూ (బైట్ అంటే ఎనిమిది బిట్లు) పోల్చమన్నాను. పుస్తకమంతటికీ ఒకే ఒక్క వరుస వచ్చింది: ఒకవైపు 97, మరొకవైపు 95. ఇవి మన పదుల లెక్క కాదు, 0 నుంచి 9 వరకు, ఆపైన ఏ నుంచి ఎఫ్ వరకు అంకెలున్న పదహార్ల లెక్క; ఒక్కొక్క అంకెకూ నాలుగు బిట్లు.

యూటీఎఫ్-8లో మన తెలుగు అక్షరానికి మూడు బైట్‌లు పడతాయి. గ అనే అక్షరానికి మూడో బైట్ 97, క అనే దానికి 95, మొదటి రెండు బైట్‌లూ ఇద్దరికీ సమానమే. 97ను ఒకట్లూ సున్నాలుగా విడదీస్తే 1001 0111, 95ను విడదీస్తే 1001 0101. కుడివైపు నుంచి రెండో అంకె ఒకటి కావలసినది సున్నా అయింది, అంతే! నాన్నగారి వేలు జారలేదు, ఎవరూ దిద్దలేదు. ఫైలు డిస్కు నుంచి పెన్‌డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు మధ్యలో కొద్దిసేపు ర్యామ్‌లో, అంటే కంప్యూటరు తాత్కాలిక మెమరీలో, ఆగుతుంది, ఆ ఆగిన చోట ఒక ఒకటి నిలవలేకపోయింది. డిస్కు మీది మూలప్రతికి ఏమీ కాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పెట్టె కొన్ని నెలలుగా, విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలితెర చూపిస్తూనే ఉంది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అంటుంది. బాగుచేసే కుర్రవాడు వచ్చి "ఫార్మాట్ కొట్టేయాలి సార్" అని తేల్చాడు. ఒకే ప్రోగ్రామ్ తప్పు అయితే ఒకే ఫిర్యాదు వస్తుంది కానీ, పూటకొక పేరుతో నీలితెర వస్తుంటే మొదట అనుమానించవలసినది ర్యామ్‌నే. ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ ఎక్కించినా, ఎక్కించే ఫైళ్లు కూడా ఆ పాడైన చోటు మీదుగానే పోతాయి కదా. ఈ మాట ఆ కుర్రవాడితో చెబుదామనుకున్నాను కానీ... సరే.

మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, విండోస్ లేవకముందే దానితో మొదలుపెట్టాను. అది మెమరీ అంతటా ఒకట్లు రాసి, మళ్లీ చదివి, సున్నాలు రాసి, మళ్లీ చదివి, రకరకాల వరుసల్లో పరీక్షిస్తుంది. రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ చూపలేదు. నాన్నగారు పొద్దున్నే వచ్చి చూసి ఏమీ అనలేదు, కాఫీ తాగుతూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆ మౌనం నన్ను కోసింది. నీలితెరలన్నీ మధ్యాహ్నం వేళల్లోనే వచ్చేవన్న సంగతి అప్పుడు తట్టింది.

ర్యామ్‌లో ఒక్కొక్క బిట్టూ ఒక ట్రాన్సిస్టరు, దాని వెనుక ఒక చిన్న కెపాసిటరు, అంతే. ఐబీఎమ్‌లో రాబర్ట్ డెనార్డ్ 1966లో కనిపెట్టిన పద్ధతి ఈనాటికీ నడుస్తోంది. ఆ కెపాసిటరు చిల్లికుండ వంటిది. అందులోని విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది కనుక, మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గడినీ ఒకసారి చదివి తిరిగి నింపాలి. వేడి పెరిగిన కొద్దీ కారడం పెరుగుతుంది. గడి బలహీనంగా ఉంటే నింపే వంతు రాకముందే ఖాళీ అయిపోతుంది. మే నెలలో మా పైగది మధ్యాహ్నం ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కరలేదు, నీవు అక్కడే రెండు వేసవులు చదువుకున్నావు. కనుక ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మధ్యాహ్నం పరీక్ష మళ్లీ పెట్టాను.

ఎర్ర వరుసలు వచ్చాయి! ఎంత సంతోషించానో చెప్పలేను. యంత్రం పాడైందని తెలిసి గెంతులు వేసిన వాడిని అమ్మ నన్నే చూసి ఉంటుంది. రావలసినది ఎఫ్‌లు ఎనిమిది, వచ్చినది ఐదు ఎఫ్‌ల తరువాత ఒక డి, మళ్లీ రెండు ఎఫ్‌లు. పదహార్ల లెక్కలో ఎఫ్ అంటే 15, డి అంటే 13; ఎఫ్‌లోంచి రెండు పోతే డి. తప్పిన బిట్లు చూపే చోట అన్నీ సున్నాలు, మధ్యలో ఒకే ఒక్క 2. గుడిని కుడి చేసిన బిట్టు అదే! నాన్నగారిని పిలిచి తెర చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

తరువాత పని సులువే, కానీ ఓపిక కావాలి. తీగ పీకి, పెట్టె తెరిచి, క్యాబినెట్ లోహాన్ని తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదిలించుకుని, రెండు ర్యామ్ స్టిక్‌లూ తీశాను. బంగారుపూత పళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది తిరిగి పెట్టినా ఫలితం లేదు. అప్పుడు ఒక్కొక్క స్టిక్‌నూ విడిగా, ఒక్కొక్క స్లాటులోనూ మార్చి మార్చి పరీక్షించాను. స్టిక్‌ను అనుసరించి తప్పు కదిలితే స్టిక్ దోషం, స్లాటులోనే ఉండిపోతే మదర్‌బోర్డు దోషం. తరువాత కొన్న పాత సెకండ్‌హ్యాండ్ రెండు జీబీ స్టిక్ మీదనే అందరికీ అనుమానం. అది ఏ స్లాటులోనూ, ఏ మధ్యాహ్నమూ ఒక్క తప్పు చేయలేదు. పెట్టెతోపాటు కొత్తగా వచ్చిన ఒక జీబీ స్టిక్కే, ఏ స్లాటులో పెట్టినా అదే 2 చూపించింది. సెకండ్‌హ్యాండ్ అని నేను ఎన్ని మాటలన్నానో ఆ పాపం రెండో స్టిక్‌ను!

నాన్నగారికి ఇందులో వ్యాకరణం దొరికింది. ఒకటి సున్నా అయితే సరళం పరుషమవుతోంది కదా, గసడదవాదేశానికి ఇది తిరగేసిన సంధి అని సంబరపడి, మిగిలిన అక్షరాల సంగతి లెక్క కట్టమన్నారు. ద త అవుతుంది, అంతవరకు నియమం బాగానే ఉంది. కానీ జ, డ, బ చెక్కుచెదరవు, ఎందుకంటే వాటి సంఖ్యల్లో ఆ చోట మొదటినుంచీ సున్నాయే. ప న అవుతుంది, మ బ అవుతుంది, ల ర అవుతుంది. "పది నది అవుతుంది" అన్నారు ఆయన, కాస్త నిరాశగానే. క మాత్రం ఎన్నటికీ గ కాదు కనుక, "కుడి" అని కొట్టి ఉంటే "గుడి" అయ్యే ప్రశ్నే లేదు. బాబాయి దగ్గరకు నాన్నగారు పట్టుకెళ్లిన సాక్ష్యం కూడా అదే. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు కానీ, నిన్న రాత్రి భోజనాల దగ్గర "పప్పు ఇటివ్వు" అని అన్నగారితోనే నేరుగా అన్నారు.

ఇలాంటిది మన ఇంట్లోనే జరగలేదులే. 2003లో బెల్జియంలోని షార్‌బీక్ అనే చోట ఎన్నికల లెక్కింపులో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ పడ్డాయి. ఆ సంఖ్య సరిగ్గా రెండు పన్నెండో ఘాతం, అంటే ఒకే ఒక్క బిట్టు తిరగబడటం. సాధ్యంకానన్ని ఓట్లు వచ్చాయి కనుక పట్టుబడింది. మన కుడి మాత్రం అర్థవంతమైన మాట కావడం వల్ల అచ్చు దాకా పోయింది. ఏ చుక్క మీదో పడి అది కామా అయి ఉంటే... ఆ ఆలోచనే నన్ను వదలడం లేదు. ఎందుకంటే అదే రోజు ఫొటోల కవిలెను కూడా అదే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాము. పోల్చి చూస్తే కొన్నింటిలో తేడా ఉంది. అక్కయ్య పెళ్లి ఫొటో ఒకటి సగం నుంచి కిందకు పచ్చబడిపోయింది. వాటికి మూలప్రతులు ఉన్నాయి. కానీ గత ఏడాది డిస్కు మార్చినప్పుడు కాపీ చేసి, పాతవి చెరిపేసినవి ఎన్ని ఉన్నాయో! వాటిని దేనితో పోల్చాలి?

అసలు నిన్ను అడగవలసినది ఇదే. నీ అటక మీద ఆ పాత పెట్టె ఇంకా ఉందా? అందులోని ర్యామ్ మీద పీసీ2-6400 అని రాసి ఉంటే అది మాకు సరిపోతుంది. పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పళ్లు 240 ఉన్నా గాడి వేరేచోట ఉంటుంది కనుక మా స్లాటులో దిగదు. మా అక్కయ్య వాళ్లు వచ్చే వారం మీ ఊరి మీదుగానే వస్తున్నారు, వారి చేతికి ఇవ్వు, కాగితంలో కాదు, స్థిరవిద్యుత్తును ఆపే ఆ వెండిరంగు సంచిలోనే పెట్టి ఇవ్వు. ఇక్కడ యూపీఎస్ కూత మొదలుపెట్టింది, కరెంటు పోయినట్టుంది, నాన్నగారు కింది నుంచి ఫైలు భద్రపరిచావా అని కేకలు పెడుతున్నారు. పచ్చగొడుగు సంగతి ఇంకో

నీ,
మూర్తి