పర్యావరణ చదువులో దారులెన్నో

తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ‘ఎంపీసీయా, బైపీసీయా’ అన్న టెన్షన్ మొదలైనట్టుంది. ఈ మధ్య కొందరు పిల్లలు పర్యావరణ శాస్త్రం చదువుతామంటున్నారు. ‘‘అంటే మొక్కలు నాటే ఉద్యోగమేనాండీ మాస్టారూ?’’ అని ఓ తండ్రి అడిగారు. అందులో ఏ శాఖ అన్నదాన్ని బట్టి ఉంటుందండి. గ్రూపు కూడా దాన్ని బట్టే తీసుకోవాలి.

సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా వస్తుంటాయి కదా. ఆ ఉప్పు సముద్రం నుంచి భూమి పొరల్లోకి చొచ్చుకొచ్చిందా, రొయ్యల చెరువుల నుంచి కిందికి ఇంకిందా, లేక డెల్టా ఏర్పడిన కాలం నుంచీ మట్టిలో ఉండిపోయిందా? మొదటిదైతే బోర్లతో నీళ్లు తోడటం తగ్గించాలి, రెండోదైతే చెరువుల సంగతి చూడాలి. కారణం తెలియకుండా బోరు ఇంకా లోతుకు దించితే డబ్బు దండగ. ఇది తేల్చేవాళ్లు భూగర్భ జల నిపుణులు. డిగ్రీలో జియాలజీ చదవాలి, ఎంపీసీ అయితే మేలు.

చెరువుల నుంచి, ఫ్యాక్టరీల నుంచి వచ్చే మురుగు నీటిని శుద్ధి చేసే ప్లాంట్లు కట్టేది ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్లు. చాలామంది సివిల్ లేదా కెమికల్ బీటెక్ చేసి, ఎంటెక్‌లో ఇటు వస్తారు. కోరింగ మడ అడవుల్లో కెమెరాలు పెట్టి నీటిపిల్లుల్ని లెక్కించేవాళ్లు, అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన కొల్లేరులో వలస పక్షుల్ని గమనించేవాళ్లు జీవావరణ నిపుణులు. వాళ్లది బైపీసీ దారి. ఉప్పాడ దగ్గర తీరం ఏటా ఎంత కోతకు గురవుతోందో ఉపగ్రహ చిత్రాల్లో కొలవాలంటే లెక్కలు, కంప్యూటర్ రావాలి. మన మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పేదీ, సునామీ హెచ్చరికలిచ్చేదీ సముద్రం లేని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థే! మాటకారి పిల్లలకు పర్యావరణ చట్టం ఉంది. 2010లో పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చాక సైన్సు తెలిసిన లాయర్ల అవసరం పెరిగింది. దానికి ఏ గ్రూపైనా ఫర్వాలేదు.

ఒక్క మాట దాచకుండా చెబుతాను. బీఎస్సీతో ఆపేస్తే ఈ రంగంలో మంచి ఉద్యోగం కష్టం. ఎమ్మెస్సీ దాకా చదివించే ఓపిక ఉండాలి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉంది. ఎక్కడ చేర్చినా బోర్డు మీద పేరు కన్నా ల్యాబు, ఫీల్డు పని ఉన్నాయో లేదో చూడండి.

వచ్చే శనివారం సాయంత్రం బడి వదిలాక తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులతో సమావేశం. పిల్లల్ని కూడా వెంట తీసుకురండి, వాళ్ల ముందే మాట్లాడుకుందాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు