ఎడిటింగ్ ఎక్కడ పదును తగ్గింది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ శుక్రవారం సినిమా సమీక్షలో ముప్పాతిక వంతు కథ, చివర "ఛాయాగ్రహణం కనువిందు, ఎడిటింగ్‌కి ఇంకాస్త పదును పెట్టాల్సింది" అని ఒక ముక్క. ఎక్కడ పదును తగ్గింది? ఏ సీన్లో? కోడంబాక్కంలో ఇరవై రెండేళ్లు ఫిల్ము ముక్కలు కత్తిరించి జాయింట్లు వేసినవాణ్ణి, ఆ ముక్క చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మా మనవరాలు ఇక్కడే విస్‌కామ్ (విజువల్ కమ్యూనికేషన్) చదువుతోంది. ఒక సీను విశ్లేషించి రమ్మంటే మీ సమీక్షల ధోరణిలోనే "కనువిందు" అని రాసుకెళ్లింది. మాస్టారు పక్కన ఎర్ర సిరాతో "ఎలా?" అని రాసి తిప్పి పంపారు. అప్పుడు నా దగ్గరికొచ్చింది. 35 ఎం.ఎం. ఫిల్ములో సెకనుకి 24 ఫ్రేములు, అంటే అడుగున్నర ఫిల్ము; షాటు, అంటే మధ్యలో కత్తెర పడకుండా నడిచే ముక్క, దాని నిడివి మాకు చేతికే తెలిసేది. ఇప్పుడా ఫిల్ము లేదు గనక పిల్ల చేతిలో గుప్పెడు చింతపిక్కలు పోశాను. టీవీ సౌండు తీసేసి, షాటు మారినప్పుడల్లా ఒకటి గిన్నెలో వెయ్యమన్నాను. ఆ రాత్రి సీరియల్లో కోడలికి చెంపదెబ్బ. దెబ్బ ఒక్కటే, పిక్కలు పందొమ్మిది! అదే దెబ్బ మూడుసార్లు, మధ్యలో ఇంటిల్లిపాది మొహాలు. సౌండు పెట్టమని వాళ్ల నానమ్మ ఒకటే గోల. పెట్టాక పిల్లే అంది: "తాతా, దెబ్బ బొమ్మలో లేదు, వాయింపులో ఉంది."

మర్నాడు 'మాయాబజార్' పడవ పాట పెట్టాను. పడవ అదే, పాట వరస అదే. జంటలే మారతాయి: శశిరేఖా అభిమన్యులు, తర్వాత రుక్మిణీ కృష్ణులు, ఆపైన రేవతీ బలరాములు. పిల్ల పిక్కలు వెయ్యడమే మరిచిపోయింది. 1957 నాటి నలుపు తెలుపు ఒకసారి, 2010లో రంగులద్దినది ఒకసారి చూపించాను. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలుగునీ నీడనీ కొలిచి పెట్టింది నలుపు తెలుపుకి. రంగులొచ్చేసరికి కన్ను ముందు చీర మీదికీ నగల మీదికీ పోతుంది, వెన్నెల వెనకబడుతుంది. పిల్లకి రంగుదే నచ్చింది, అది వేరే సంగతి. కానీ ఎందుకు నచ్చిందో అరపేజీ రాసింది. ఆ సినిమా తీసిన వాహినీ స్టూడియో మాకు కూతవేటు దూరమే. ఇప్పుడా స్థలంలో మాల్ ఉంది.

నేనడిగేది ఒకటే. సినిమాకి రేటింగ్ స్టార్లు వేసే ఆ కాస్త చోటులో వారానికి ఒక్క సీను తీసుకోండి. కెమెరా ఎక్కడ పెట్టారు, షాటు ఎంతసేపు నిలిపారు, ఏం వినిపించారు, అంతే రాయించండి. కథ మేం థియేటర్లో చూసుకుంటాం.

ఉత్తరం పొడుగైతే కత్తిరించండి. జాయింటు మాత్రం కనబడనివ్వకండి.

— ఓ పాత అసిస్టెంట్ ఎడిటర్, వడపళని, చెన్నై