నేనూ చేలో దిగాను రా

ఒరేయ్ మావా,

అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఫోన్‌లో చెబుదామనుకున్నాను గానీ, నువ్వు చేలో నుంచి ఇంటికొచ్చేసరికి నాకు ఆఫీసు మొదలవుతుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఏప్రిల్ నుంచి ప్రతి శనివారం పొలం పనికి వెళ్తున్నాను. ఈ అమెరికాలో డెట్రాయిట్ నగరం మధ్యలోనే, ఒకప్పుడు ఏడెనిమిది ఇళ్లుండే చోట, చుట్టుపక్కల వాళ్లంతా కలిసి కూరగాయలు పండిస్తున్నారు. ఇంటర్ తర్వాత పొలం గట్టే ఎక్కని నేను అక్కడ మట్టి మోస్తున్నాను, కలుపు తీస్తున్నాను.

నేనుండేది నగర శివారు నోవైలో అని తెలుసుగా. కారు తీస్తే గోంగూర, దొండకాయలు, ములక్కాడలు అన్నీ దొరుకుతాయి. అక్కణ్ణుంచి అరగంట వెళ్తే ఈ పేట. ఇక్కడ చాలామందికి కారు లేదు. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నది పెట్రోల్ బంకు, బ్రాందీ షాపు. చిప్స్, కూల్‌డ్రింకులు కావలసినన్ని ఉంటాయి. ఒక్క టమాటా ఉండదు. మొదటిసారి చూసిన రాత్రి నాకు అన్నం సయించలేదు రా.

1950లో ఈ ఊళ్లో 18 లక్షల మందికి పైగా ఉండేవారు. 2020 జనాభా లెక్కల్లో 6.4 లక్షల లోపే. కార్ల ఫ్యాక్టరీలు తరలిపోయాయి, తెల్లవాళ్లు శివార్లకు వెళ్లారు, వాళ్ల వెనకే పెద్ద దుకాణాలూ వెళ్లిపోయాయి. ఇలాంటి చోట్లని ఆహార ఎడారులు అంటుంటారు. మా పొలంలో ఒక పెద్దావిడ ఆ మాటే ఒప్పుకోదు. ఎడారిని ప్రకృతి చేస్తుంది, దీన్ని మనుషులు చేశారు అంటుంది. మన ఊళ్లో మంచినీళ్ల చెరువు ఎటు, వాడ ఎటు, గుర్తుచేసుకో. ఎవరో గీసిన గీతే కదా అది! ఇక్కడ 1930ల్లో ప్రభుత్వమే మ్యాపులు వేసి, నల్లజాతి వాళ్లుండే పేటలకు ఎర్ర రంగు పూసింది, అక్కడ ఇంటి అప్పులివ్వడం ప్రమాదమని.

పని సంగతి చెప్పాలి. నేల మన రేగడి లాంటిది కాదు. గడ్డపార వేస్తే ఇటుక ముక్కలు, గాజు పెంకులు వస్తాయి. పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండేది, అది మట్టిలో కలిసిపోయి ఉంటుంది. అందుకని ముందు మట్టి పరీక్ష, తర్వాత చెక్కలతో పెట్టెల్లా మడులు కట్టి వాటిలో కంపోస్టు నింపడం. మే సగం దాటేదాకా మంచు భయం. నేను ఆగలేక మే మొదట్లోనే బెండ గింజలు పెట్టేశాను, చల్లటి నేలలో అన్నీ కుళ్లిపోయాయి. ఆ పెద్దావిడ కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని మట్టిలో పెట్టించి, వెచ్చబడే దాకా ఓపిక పట్టమంది. జూన్‌లో మళ్లీ పెట్టాం, ఇప్పుడు మోకాలెత్తు ఉన్నాయి.

ఆ పెద్దావిడ నాన్న దక్షిణాది మిసిసిపీ రాష్ట్రంలో పత్తి పండించి, పంటలో సగం దొరకు ఇచ్చేవాడట. బాకీ ఎప్పటికీ తీరక, కార్ల ఫ్యాక్టరీలో పని కోసం ఇక్కడికొచ్చాడట. వింటుంటే నువ్వే గుర్తొచ్చావు. కౌలు కార్డు మీద ఆసామి సంతకం కోసం నువ్వు ఎన్నిసార్లు తిరిగావో నాకు తెలుసు. ఆమెకు నీ గురించి చెప్పాను. అలసందలు ఉడకబెట్టి తెచ్చింది ఆ రోజు. కొత్త సంవత్సరం నాడు వాళ్లు తప్పకుండా తింటారట, మనకు ఉగాది పచ్చడిలా.

ఇక్కడివాళ్లు ఆహార న్యాయం అంటుంటారు. నేను మొదట దానంటే ఆకలిగా ఉన్నవాళ్లకు కూరగాయలు పంచడం అనుకున్నాను. అది చాలదు మావా, నేల ఎవరి చేతిలో ఉందన్నదీ ముఖ్యమే. 1894లోనే ఇక్కడి మేయర్ హేజెన్ పింగ్రీ, పనుల్లేని జనానికి ఖాళీ స్థలాలిచ్చి బంగాళాదుంపలు పండించుకోమన్నాడు. మంచి పనే, చాలామంది కడుపులు నిండాయి. కానీ నేల వాళ్లది కాదు. బడి ప్రిన్సిపాల్‌గా చేసిన మాలిక్ యాకిని, ఆయన తోటివాళ్లు 2006లో నల్లజాతి వాళ్ల ఆహారం కోసం ఒక సంఘం పెట్టి, 2008లో రూజ్ పార్కులో డీ-టౌన్ ఫార్మ్ మొదలుపెట్టారు. ఇప్పుడది ఏడెకరాలు. అదీ నగరం స్థలమే. వాళ్ల పూనికతోనే 2024లో వుడ్‌వర్డ్ అవెన్యూలో సభ్యులే యజమానులుగా కూరగాయల దుకాణం కూడా తెరిచారు. నేను వెళ్లి ఆకుకూరలు కొన్నాను. గల్లా పెట్టె కూడా పేటవాళ్లదే అయినప్పుడు ఆ కొనుగోలుకు ఉండే తృప్తి వేరు.

మా చిన్న పొలం స్థలం ఇంకా ఎవరి పేరున ఉండాలో తేలలేదు. ఆ మీటింగుల్లో నేను మాట్లాడను, వింటాను. శనివారాలు వచ్చిపోయే నాకంటే అక్కడుండే వాళ్లే తేల్చుకోవాలి. నా వంతు మట్టి బండి తొయ్యడం.

ఇప్పుడు నీతో అసలు పని. బెండ ఆకుల కింద పేనుబంక పట్టింది. ఇక్కడ మందులు కొట్టరు. నువ్వు వేపగింజల కషాయం ఎన్ని గింజలకు ఎన్ని నీళ్లు పోసి నానబెడతావు, ఏ పూట కొడతావు? శనివారం లోపు చెప్పు. పెద్దావిడకు మాటిచ్చాను, మా మావాని అడిగి చెబుతానని.

నీ
వాడే