రాతి మీది కసరత్తు

హైదరాబాదు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఇక్కడ అందరం క్షేమం. ఆ మాట అయిపోయింది కనుక, మిగిలిన కాగితమంతా నీవు చివరలో రాసిన ఒక్క ప్రశ్నకే కేటాయిస్తున్నాను. తాడు లేకుండా పది పన్నెండు అడుగుల గుండు ఎక్కి దిగడం పెద్ద కొండలెక్కేవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే సాధన మాత్రమే కదా, దానికి బౌల్డరింగ్ అని ఒక పేరు, పైగా ఒక చరిత్ర కూడానా అని అడిగావు. ఇంకెవరైనా అడిగి ఉంటే ఊరుకునేవాణ్ణి. హాస్టల్ రోజుల్లో సమాంతర దండెల మీద నీవు సాధన చేస్తుంటే కింద పరుపు సర్దినవాణ్ణి నేను. ఈ విద్యను వేరే కళగా నిలబెట్టింది నీలాంటి జిమ్నాస్టే అని నీకు చెప్పకుండా ఉండలేను.

నీ ప్రశ్నలో కొంత న్యాయం ఉందని ముందే ఒప్పుకుంటాను. 19వ శతాబ్దం చివరలో ఆస్కార్ ఎకెన్‌స్టీన్ అనే ఆంగ్లేయ ఇంజినీరు వేల్స్‌లోని లాన్‌బెరిస్ కనుమ దగ్గర గుండ్ల మీద సాధన చేసేవాడు. అక్కడి ఒక గుండును ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అయితే ఆయన దృష్టి పెద్ద పర్వతాల మీద ఉండేది, 1902లో కే2 శిఖరం మీదికి వెళ్లిన బృందానికి నాయకత్వం వహించినవాడు కూడా ఆయనే. పారిస్‌కు దక్షిణంగా ఉన్న ఫోంటేన్‌బ్లో అడవిలోని ఇసుకరాతి గుండ్ల కథా అలాగే మొదలయింది. పియెర్ అలాఁ 1934లో అక్కడ ఎక్కిన ఒక రాతి అంచు నేటికీ ఆయన పేరు మీదే ఉంది, ఆ మరుసటి ఏడాదే ఆయన ఆల్ప్స్‌లో పెటీ ద్రూ అనే శిఖరం ఉత్తర ముఖాన్ని ఎక్కాడు. అయినా ఆ అడవిలో గుండును గుండు కోసమే ప్రేమించేవాళ్లు తయారయ్యారు. ఎక్కేముందు బూటు అడుగును చిన్న తివాచీ ముక్క మీద శుభ్రంగా తుడుచుకోవడం, పైన్ చెట్ల జిగురును పొడి చేసి గుడ్డలో మూటకట్టి రాతి మీద తట్టడం వంటి ఆచారాలు అక్కడివే. ఆ జిగురు వల్ల రాయి నునుపెక్కి పాడవుతుందని దానితో పేచీ కూడా ఉంది.

కొండకూ కసరత్తుకూ ఉన్న చుట్టరికం మాత్రం ఇంకా పాతది. ఫ్రీడ్రిచ్ లుడ్‌విగ్ యాన్ 1811లో బెర్లిన్ శివార్లలోని హాజెన్‌హైడేలో ఆరుబయలు వ్యాయామ మైదానం తెరిచినప్పుడు, ఎక్కడానికి స్తంభాలూ తాళ్లూ అందులో ముఖ్యమైన పరికరాలు. జిమ్నాస్టిక్స్ అంటే మనకు ఇప్పుడు మెరిసే నేల మీద పల్టీలు గుర్తుకు వస్తాయి కానీ, ఆ తొలినాళ్లలో ఎక్కడం కూడా అందులో భాగమే. ఆ ఉద్యమంలో పెరిగిన వ్యాయామ సంఘాలలో ఒకటి డ్రెస్డెన్‌కు ఎగువన ఎల్బె నది ఒడ్డునున్న షాండౌ ఊరిది. 1864 మార్చిలో ఆ సంఘం జిమ్నాస్టులు కొందరు ఫాల్కెన్‌స్టీన్ అనే ఇసుకరాతి బురుజును ఎక్కారు, సాక్సనీ ప్రాంతపు కొండెక్కే సంప్రదాయం అక్కడి నుంచే మొదలయిందని చెబుతారు. వాళ్లు కృత్రిమ సాధనాల సాయం తీసుకున్నారన్నది నిజమే. కానీ శిఖరాల వేటగాళ్లు కాక వ్యాయామశాల నుంచి వచ్చినవాళ్లు ఆ పని చేయడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

తాడెక్కడం ఒకప్పుడు ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ అంశమని నీకు గుర్తుందా? 1896లో ఏథెన్స్‌లో 14 మీటర్ల తాడు వేలాడదీస్తే చివరంటా చేరినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ గ్రీకులే. 1904లో సెయింట్ లూయిస్‌లో బంగారు పతకం గెలిచిన జార్జ్ ఐసర్‌కు ఒక కాలు కొయ్యది. కాళ్లను వాడకుండా చేతులతోనే ఎక్కే ఆట కాబట్టి ఆయన భుజబలం ముందు ఆ కొయ్యకాలు లెక్కలోకి రాలేదు, ఒకే రోజున ఆయన ఆరు పతకాలు గెలిచాడు. 1932 లాస్ ఏంజెలెస్ తరువాత ఒలింపిక్స్‌లో ఈ అంశం కనుమరుగైనా అమెరికా కళాశాలల్లో మాత్రం మరికొన్ని దశాబ్దాలు బతికింది. అలా బతకడం వల్లనే నేను చెప్పబోయే మనిషి చేతికి ఆ తాడు అందింది.

ఆయన పేరు జాన్ గిల్, పుట్టింది 1937లో. 1950ల మధ్యలో జార్జియా టెక్‌లో చదువుకుంటూ రింగుల మీదా తాడు మీదా సాధన చేసేవాడు, అప్పటికే రాళ్లెక్కే అలవాటు ఉంది. జిమ్నాస్టులు అరచేతులకు రాసుకునే తెల్లని పొడిని ఒక రోజు రాతి దగ్గరికి పట్టుకుపోయాడు. అది బడిలో పలక మీద రాసే సుద్ద కాదు, మెగ్నీషియం కార్బొనేట్. చెమటను పీల్చి వేళ్లకు పట్టునిస్తుంది. ఈ రోజు ప్రపంచంలో ఏ గుండు దగ్గర తెల్లని వేలిముద్రలు కనబడినా అవి వ్యాయామశాల నుంచి ఆయన చేతుల మీదుగా వచ్చినవే.

అయితే పొడి కన్నా పెద్ద సంగతి ఆయన ఆలోచన. పాత పర్వతారోహకుల సూత్రం నీకు తెలిసే ఉంటుంది: రెండు చేతులు, రెండు కాళ్లలో మూడింటిని రాతికి ఆనించి నాలుగోదాన్ని మాత్రమే కదపాలి. ప్రాణం కాపాడే సూత్రమే, కాదనను. గిల్ రింగుల మీద ఊగినవాడు కదా, ఆయనకు మరొకటి తెలుసు. ఊపు పైకి వెళ్లి ఆగే చోట శరీరం లేవనూ లేవక, పడనూ పడక నిలిచే ఒక క్షణం ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో చేయి పట్టును అందుకుంటే బరువే తెలియదు. అంతవరకు తొందరపాటుగా, నిగ్రహం లేని పనిగా చూసిన ఎగురును ఆయన కొలత గల కదలికగా మార్చాడు. ఎంత ఎత్తు ఎక్కావన్నది కాక ఎంత అందంగా, ఎంత అదుపులో కదిలావన్నదే ముఖ్యమని పట్టుబట్టాడు. 1969లో అమెరికన్ ఆల్పైన్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో ఆయన గుండ్లెక్కడాన్ని శిఖరాల నీడలోంచి బయటికి తెచ్చి జిమ్నాస్టిక్స్ పక్కన కూర్చోబెట్టాడు.

గిల్ లెక్కల ప్రొఫెసరు కూడా. గుండ్ల మీది కష్టాన్ని కొలవడానికి ఆయన పెట్టిన బీ1, బీ2, బీ3 అనే మూడు మెట్ల పద్ధతిని చూస్తే ఆ సంగతి ఇట్టే తెలుస్తుంది. తాళ్లతో ఎక్కేవాళ్లు ఆనాటికి చేరుకున్న అత్యున్నత స్థాయి బీ1, దానికన్నా కష్టం బీ2. ఇక బీ3 అంటే ఎందరో ప్రయత్నించినా ఒక్కసారే ఎక్కగలిగింది. రెండోవాడు ఎక్కిన మరుక్షణం అది కింది మెట్టుకు దిగిపోతుంది. కాలంతోపాటు తనంతట తానే సరిదిద్దుకునే కొలమానం అది. తరువాత జాన్ షెర్మన్ టెక్సస్‌లోని హ్యూకో ట్యాంక్స్ గుండ్ల కోసం తయారుచేసిన వీ పద్ధతి వాడుకలో గెలిచింది, దానికి పై హద్దు లేదు కాబట్టి గెలవడం సహజమే. కానీ నా మనసు మాత్రం బీ3 దగ్గరే ఆగిపోతుంది.

1961లో ఆయన దక్షిణ డకోటాలోని నీడిల్స్ ప్రాంతంలో థింబుల్ అనే రాతిని ఎక్కాడు. దాదాపు ముప్ఫై అడుగుల ఎత్తు, తాడు లేదు, కింద బండ్లు నిలిపే చోట కట్టిన అడ్డుకమ్మీ ఉంది. పడితే దాని మీదే పడాలి. ఆ రాతి మీద పట్టులంటే వేళ్లతో గిల్లి పట్టుకోవలసిన చిన్న పలుకురాతి బుడిపెలు. వాటి కోసం ఆయన జిమ్‌లో గోడల నుంచి పొడుచుకు వచ్చిన నట్లనూ బోల్టులనూ పట్టి పిసుకుతూ వేళ్లను సిద్ధం చేసుకున్నాడు. కొంత ఎక్కడం, దిగిపోవడం, మళ్లీ ఇంకొంత ఎక్కడం, ఇలా చేసి చేసి ఒక రోజు దిగలేని చోటు దాటి పైకి వెళ్లిపోయాడు. అంత ఎత్తున ప్రాణం పణంగా పెట్టడాన్ని నేను మెచ్చుకోలేను. కానీ ఆ సన్నాహంలోని ఓపికను మాత్రం తలచుకోని వారం లేదు.

ఇక నా గుండు సంగతి. ఊరి బయట ఒక చిన్న గుండు ఉంది, నిలబడి చేయి చాస్తే పైఅంచు అందుతుంది, దాని మీద మరో పట్టు లేదు. చేతులతో లాక్కుని ఛాతీ వరకు లేవడం సులభమే, ఆ తరువాత లాగడాన్ని నెట్టడంగా మార్చి, అరచేతుల మీద బరువు మోపి, పాదం పైకి తెచ్చి నిలబడాలి. దీన్ని మ్యాంటెల్ అంటారు. మూడు వారాలు నేను ఆ అంచు దగ్గరే వేలాడి, మోచేతులు వణికి, చర్మం చెక్కుకుని దిగిపోయాను. నాలుగో ఆదివారం హఠాత్తుగా నీ మాట గుర్తుకు వచ్చింది. రింగుల మీద లేచేటప్పుడు ఛాతీని చేతుల మీదికి తెచ్చేదాకా నెట్టవద్దని, ముందు భుజాలు వంచాలని ఎన్నిసార్లు చెప్పేవాడివి! మణికట్టును లోపలికి తిప్పి, తలను అంచు దాటించి, భుజాలు చేతుల మీదికి వచ్చాక నెట్టాను. నా శరీరం దానంతటదే లేచినట్టు అనిపించింది. రాయి మీద నిలబడి మొదట తలచుకున్నది నిన్నే.

గిల్ తరువాతి కథ త్వరగా చెబుతాను, ఎందుకంటే అందులో చాలా భాగం నీకు తెలిసినదే. చిన్ననాడు జిమ్నాస్టిక్స్ నేర్చిన లిన్ హిల్ 1993లో అమెరికాలోని యోసెమిటీ లోయలో ఎల్ కాపిటన్ అనే పెద్ద రాతి గోడ మీది నోస్ మార్గాన్ని పట్టులకు చేతులూ కాళ్లూ మాత్రమే వాడి ఎక్కింది, తాడు కేవలం పడితే ఆపడానికే. మగవాళ్లెవరూ అప్పటికి ఆ పని చేయలేదు. 1990లలో కింద పరిచే మందపాటి పరుపులు వచ్చి మడమలను కాపాడాయి, అవి చూసినప్పుడల్లా నాకు నేను సర్దిన పరుపే గుర్తుకు వస్తుంది. టోక్యోలో ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అక్కడా 2024 పారిస్‌లోనూ బౌల్డరింగ్‌ను ఇతర ఎక్కే పోటీతో కలిపిన స్త్రీల విభాగంలో స్లొవేనియాకు చెందిన యాన్యా గార్న్‌బ్రెట్ గెలిచింది. తాడెక్కడం వెళ్లిపోయిన తలుపు గుండానే ఎక్కడం మళ్లీ లోపలికి వచ్చిందని నేను మురిసిపోయాను.

ఒక తేడా మాత్రం ఉంది, దాన్ని నీవే బాగా తూచగలవు. జిమ్నాస్టు తన వరుసను వేలసార్లు సాధన చేసి వస్తాడు, పరికరం కొలతలు దేశమంతటా ఒకటే. బౌల్డరింగ్ పోటీలో గోడ మీది పట్టుల అమరికను ఎవరూ ముందుగా చూడరు, చూసిన తరువాత ఉండేది కొన్ని నిమిషాలే. ఆ అమరికను వాళ్లు ప్రాబ్లమ్ అంటారు. మన లెక్క అన్న మాటే దానికి నాకు సరిగ్గా అతుకుతుంది. లెక్క కుదిరిందా లేదా అన్నది శరీరమే చెబుతుంది, మార్కులు వేసే న్యాయనిర్ణేత అవసరం లేదు. నీవు జిమ్నాస్టిక్స్ మానేసిన కారణాల్లో మార్కుల బాధ ఒకటని నాకు తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

మన హైదరాబాదు గుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఏటా కొన్ని పగిలి కంకర అవుతున్నాయి. నా చిన్న గుండు ఇంకా ఉంది. సంక్రాంతికి వస్తావు కదా, భోగి మరునాడు కాక కనుమ నాటి ఉదయం ఖాళీగా ఉంచుకో, ఎండ ఎక్కితే రాయి కాలుతుంది కాబట్టి ఆరింటికల్లా బయలుదేరాలి. పొడి నా దగ్గర ఉంది. దాని ఎడమ పక్క ఇంకో దారి ఉంది, అక్కడ ఊపు మీద అంచు అందుకోవాలి, నాకు ఆ ఊపు ఎక్కడ ఆగుతుందో ఇంకా అంతుపట్టలేదు. నీవు కింద నిలబడి చూసి చెప్పాలి, పరుపు ఈసారి నీవు సర్దు.

ఇట్లు,
నీ మిత్రుడు